బఠానీలు వలిచే చెయ్యి

వినపడదే ఆయనకి, అంది అమ్మ. అదీ ఫోన్‌లో, అదీ నా ప్రోగ్రాం మధ్యలో, పాట నడుస్తుండగా. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ప్రోగ్రాం వేళ ఫోన్ చెయ్యని మనిషి, ఇల్లు అంటుకున్నా అది అయ్యాక చెబుదాంలే అనుకునే మనిషి. హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి పక్కకి జరిపి ఫోన్ ఆనించుకున్నాను, ఒక చెవిలో పాట రెండో చరణం, ఇంకో చెవిలో అమ్మ. ఎవరికి వినపడదు అన్నాను. మీ నాన్నకి అంది. అప్పటికీ నాకు ఎక్కలేదు, ఫోన్‌లో సరిగా వినపడదంటోందేమో, లైను మార్చమనాలేమో అనుకున్నాను, నా బుర్రంతా రేడియోయే కదా. లైను కాదే, చెవులు, రెండు చెవులూ, బొత్తిగా, ఆయన ఉద్యోగం మానేసింది అందుకే, నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు, ఇప్పుడు ఆయన్ని రేడియోలో మాట్లాడించడానికి మీ ప్రొడ్యూసరు, ఆ గడియారం, ఫోన్ చేస్తాడు కదా, ఎలాగే. నువ్వు చిన్న చిన్న ప్రశ్నలు అడుగు. అడిగి కాసేపు ఆగు. నేను ఎదురుగా కూర్చుని పెదాలతో చెప్తాను, నా పెదాలు చూసి జవాబు చెప్తారు, ఎప్పుడూ అంతేగా. ఎప్పుడూ అంతేగా అంది అమ్మ, రోజూ పొద్దున్న లేచి పళ్ళు తోముకుంటాంగా అన్నంత మామూలుగా. మరి రోజూ నా ప్రోగ్రాం విని బాగుందనీ బాగాలేదనీ చెప్పేదెవరే అన్నాను. పాట అయిపోతోందేమో చూసుకో, అంది, పెట్టేసింది.

ఎర్రలైటు వెలిగింది. అది వెలిగితే నేను మాట్లాడతాను, అది నా చేతిలో లేదు, నోరు దానంతటది తెరుచుకుంటుంది. పాట విన్నారుగా, ఇవాళ మన స్టేషన్ పుట్టినరోజు, అందుకే ఇవాళ కబుర్లన్నీ మాట మీదే, రేడియోలో బాగా మాట్లాడాలంటే ఏం చెయ్యాలి, మైకు ముందు నోరెందుకు ఎండిపోతుంది, అడగండి, చివర్లో జవాబులు చెప్పడానికి ఒక గొంతు వస్తుంది, ఆ గొంతు ఎవరిదో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. నా నోరే ఇదంతా చెబుతోంది, నవ్వుతూ మరీ చెబుతోంది, నవ్వుతూ మాట్లాడితే వినేవాళ్ళకి తెలిసిపోతుందని నాన్నే నేర్పారు. చెవిలో మాత్రం అమ్మ మాటే. రెండు చెవులూ బొత్తిగా. వార్తలు చదివిన మనిషి. ఆయన వార్తలు మొదలెడితే బడ్డీకొట్ల దగ్గర జనం నిలబడిపోయేవాళ్ళు, ఆయన గొంతు విని వాచీలు సరిచేసుకునేవాళ్ళు, నా చిన్నప్పుడు బడిలో మా టీచరు నా పేరు కాకుండా వార్తలాయన కూతురు అని పిలిచేది. మంచి ఊపులో ఉండగా ఒకరోజు హఠాత్తుగా మానేశారు. గొంతు పోకముందే వెళ్ళిపోవాలి అన్నారు. ఎంత గొప్ప మాట అనుకున్నాం అందరం. సన్మానంలో ఆ మాటే బోర్డు మీద రాయించారు. పోయింది గొంతు కాదన్నమాట. ఆ బోర్డు ఇప్పటికీ మా స్టేషన్ మెట్ల దగ్గర ఉంది, ఇవాళ పొద్దున్న కూడా దాని పక్కనించే వచ్చాను, వస్తూ వస్తూ కొంచెం గర్వపడ్డాను కూడా.

మొదటి కాలర్, ఏదో బళ్ళో టీచరమ్మ. వెనకాల ఆవిడ రేడియో ఆవిడకే ఎదురు మాట్లాడుతోంది. మీ రేడియో శబ్దం తగ్గించండమ్మా, అన్నాను, ఈ ఉద్యోగంలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు అన్న మాట అదే, నేను పోయాక నా ఫోటో కింద కూడా అదే రాస్తారు. పిల్లల ముందు ఎంతసేపైనా మాట్లాడతానండీ, మైకు చూస్తే మాత్రం గొంతు పట్టేస్తుంది, ఎంతమంది వింటున్నారో అని భయం, అంది. ఎంతమందో తలుచుకోకండి, ఒక్కరినే తలుచుకోండి, మీకు బాగా కావలసిన ఒక్కరు, కుర్చీలో కూర్చుని వింటున్నారనుకోండి, ఆ ఒక్కరితో మాట్లాడండి. చెప్పేశాను. జవాబు బాగానే ఉంది, టీచరమ్మ థాంక్సండీ అంది, నేను మాత్రం ఆ కుర్చీ దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే నా ఒక్కరు నాన్న. నేను మైకు ముందు కూర్చున్న మొదటి రోజునించీ నాన్నే. వంటింటి గుమ్మం పక్కన ఆ పేము కుర్చీ, అందులో కాళ్ళు బారజాపుకుని నాన్న, గూట్లో రేడియో. వరదల మీద మాట్లాడినా, పిల్లల చదువుల మీద మాట్లాడినా, భర్త పోయిన ఎవరో ఆవిడ లైన్లో భోరుమంటే ఆవిడని సముదాయించినా, నా మాటలన్నీ ఆ కుర్చీకే వెళ్ళాయి. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఒక్క ముక్క వినపడలేదు. ఒక్క ముక్క! ఎవరో వచ్చి నీ ఇంటికి అసలు తలుపే లేదు, నువ్వు ఇన్నాళ్ళూ గోడకి తాళం వేస్తున్నావు అని చెప్తే ఎలా ఉంటుంది, అలా ఉంది నాకు.

ఆగు, మరి ఆ తీర్పులు? ప్రోగ్రాం అయిపోయి నేను మెట్లు దిగుతుండగా అమ్మ ఫోన్ వస్తుంది, రోజూ. నాన్న ఎప్పుడూ చెయ్యరు, ఫోన్‌లో మాట్లాడితే గొంతు డబ్బాలో పెట్టినట్టుంటుంది, నాకు చిరాకు అనేవారు, అదీ గర్వమే అనుకున్నాం. మీ నాన్న ఇవాళ మొదట్లో తొందరపడ్డావన్నారు. మీ నాన్న ఇవాళ మధ్యలో జారిపోయిందన్నారు, ఆ డాక్టరుగారు వచ్చిన దగ్గర. మీ నాన్న చివర్లో ఆ ముసలాయనతో మాట్లాడింది చాలా బాగుందన్నారు. అంతే, ఒక్కో ముక్క. అమ్మ చెప్పేది, నేను సరే అనేదాన్ని, ఇంకేమన్నారు అనేదాన్ని, ఇంకేం అనలేదు అనేది, పెట్టేసేదాన్ని. ఆ ముక్క సరిగ్గా తగలాల్సిన చోట తగిలేది. డాక్టరు వచ్చిన దగ్గర జారిపోయిన మాట నిజం, ఆయన మందుల పేర్లు చదువుతుంటే నేను గోళ్ళు చూసుకుంటున్నాను, ఎలా తెలిసింది ఈయనకి అని ఒళ్ళు జలదరించింది. ఆ ముక్కలు పట్టుకునే నేను మాట నేర్చుకున్నాను. ఆగడం నేర్చుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ ముక్కలు ఎవరివి? అమ్మ కల్పించిందా అన్నీ? కూర్చోబెట్టి కథలు చెప్పిందా నాకు? అమ్మ అసలు వింటుందని కూడా నేను అనుకోలేదే. అమ్మ వంటింట్లో ఏదో చేసుకుంటూ ఉంటుంది, రేడియో దాని మానాన అది మోగుతుంది, అంతే నాకు తెలిసింది. నువ్వేమనుకున్నావు అని ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు.

అన్నీ ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి వచ్చి మీద పడుతున్నాయి, ఎవరో అలమర తలుపు తీసినట్టు. లైన్లో ఎవరో కుర్రగొంతు యాస పోవాలంటే ఏం చెయ్యాలండీ అంటోంది, యాస పోవక్కర్లేదు నాయనా, మాట తెలిస్తే చాలు అంటున్నాను, అంటూనే మనసులో మా ఆయన మొహం చూస్తున్నాను. మా ఆయన ఒకసారి నాన్నతో తన ఉద్యోగం మారుతున్న సంగతి చెప్పాడు, వరండాలో, వెనకనించి, ఎంతో ఆలోచించి, సలహా అడుగుతూ. నాన్న వెనక్కి తిరగలేదు. మొక్కలకి నీళ్ళు పోస్తూ పోస్తూ లోపలికి వెళ్ళిపోయారు. మీ నాన్న నన్ను మనిషిగా లెక్కచెయ్యడు అన్నాడు మా ఆయన ఆ రాత్రి, ఆ తర్వాత చాన్నాళ్ళు ఆ గుమ్మం తొక్కలేదు, నేను ఇద్దరి మధ్యా నలిగి చచ్చాను, అమ్మ అంతా చూస్తూ ఊరుకుంది. చూస్తూ ఊరుకుందే! ఒక్క మాట చెప్తే పోయేది కదా. అల్లుడి ముందు చెవిటివాడు అనిపించుకోవడం కంటే పొగరుబోతు అనిపించుకోవడమే నయమని ఆయన, ఆయన మాట జవదాటకూడదని ఈవిడ. మా అమ్మాయి తాతయ్యా ఇవాళ బళ్ళో నాకు ఫస్ట్ వచ్చింది అంటే తాతయ్య అవునమ్మా వానొచ్చేలా ఉంది అనేవారు, మేమంతా పగలబడి నవ్వేవాళ్ళం, తాతయ్య లోకమే వేరు అని. ఛీ, ఎంత నవ్వాం. ఆయన కూడా మాతో పాటు నవ్వేవారు.

ఇంకోటి ఉంది, ఇది మాత్రం ఎటు తిప్పినా సరిపడటం లేదు. ఒకరోజు ప్రోగ్రాం మధ్యలో ఒక వార్త చేతికిచ్చారు, ఎవరో పెద్దమనిషి పోయారని. నేను ఆయన పేరు బదులు నిక్షేపంలా బతికున్న ఇంకో పెద్దమనిషి పేరు చదివేశాను. చదివి రెండు ముక్కలు సంతాపం కూడా చెప్పాను. ఇక చూడాలి, ఫోన్లు, ఫోన్లు, ఆ బతికున్నాయన బావమరిది ఫోన్ చేసి ఏడుస్తూ తిట్టాడు. మెట్లు దిగుతుంటే అమ్మ ఫోన్. ఇవాళ నాన్న నన్ను ఉతికి ఆరేస్తారు అనుకుంటూ ఎత్తాను. మీ నాన్న ఇవాళ అన్నిరోజులకంటే బాగుందన్నారు, అంది అమ్మ, అదోలా గొంతు నొక్కిపెట్టుకుని. వెటకారం అనుకున్నాను ముందు. తర్వాత జాలి అనుకున్నాను, నా తప్పు ఎత్తిచూపకుండా కాపాడారు, ఎంత పెద్ద మనసు అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. అమ్మే కల్పించేదైతే ఆ రోజు అలా చెబుతుందా? ఏదైనా వంక పెట్టేది, లేదా ఊరుకునేది. అంటే ఆ మాట నాన్నే అన్నారు. వినపడని మనిషి, నేను నిలువునా మునిగిపోయిన రోజున, అన్నిరోజులకంటే బాగుంది అని ఎందుకన్నారు?

ప్రకటనలు మొదలయ్యాయి. ఇంటర్‌కమ్ నొక్కి గడియారాన్ని పిలిచాను. గడియారం మా ప్రొడ్యూసర్, అద్దానికి అవతల కూర్చుని పొద్దస్తమానం గోడ గడియారం వైపు వేలు చూపిస్తూ ఉంటాడు, అందుకని ఆ పేరు, అతనికీ తెలుసు, కోపం లేదు. ఈ ఫోన్ సంగతంతా అతని నిర్వాకమే, ఆ మధ్య ఇంటికెళ్ళి నాన్న ఎదురుగా కూర్చుని అడిగాడు, నాన్న ఆ మొహం చూస్తూ వెంటనే ఒప్పేసుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో! ఎంత ఆశ ఉండి ఉండాలి ఇంకా ఆ గొంతుకి. నాన్నకి ఒంట్లో బాగాలేదట, ఈ ముక్క తీసేద్దాం అన్నాను. ఆ నిజం నోట్లోనే ఉంది, చెప్పడానికి మాత్రం అది నాది కాదు. బాగాలేకపోవడం ఏంటి మేడం, ఇప్పుడే లైను కలిపి చూశాను, అమ్మగారు తీశారు, వెనకాల ఆయన గొంతు సవరించుకోవడం కూడా వినపడింది, వారం రోజులుగా ఊదరగొడుతున్నాం, పాతవాళ్ళంతా రేడియోలు పెట్టుకుని కూర్చున్నారు, ఇప్పుడు తీసేస్తే నా కొంప మునుగుతుంది అన్నాడు. సరే అయితే ఒకటి, నాన్న కొంచెం ఆగి ఆగి మాట్లాడతారు, ఖాళీ వస్తే కంగారుపడకండి అన్నాను. ఎంత ఖాళీ అన్నాడు అనుమానంగా. ఎంతైనా, అన్నాను. ఎంతైనా అంటే ఎలా మేడం, యంత్రం ఊరుకుంటుందా అన్నాడు.

యంత్రం. దాన్ని మర్చేపోయాను. స్టేషన్‌లో చప్పుడు ఆగిపోతే, అంటే మైకు పాడైనా, అనౌన్సరు నిద్రపోయినా, కాసేపు చూస్తుంది, ఇక్కడ ఎవరూ లేరని తేల్చుకుని దానంతటది పాట వేసేస్తుంది. ఒకసారి వేసిందంటే మళ్ళీ దాని చేతిలోంచి మైకు తీసుకోవడం పెద్ద రామాయణం. నేను ప్రశ్న అడగాలి, అది ఫోన్ స్పీకర్లో అమ్మ వినాలి, అమ్మ పెదాలతో చెప్పాలి, నాన్న చూడాలి, పట్టుకోవాలి, అప్పుడు మాట్లాడాలి. ఆ లోపల యంత్రం పాట అందుకుంటే అయిపోయినట్టే, సగం జవాబు మీద పాట పడుతుంది, నాన్నకి ఆ సంగతి తెలియదు, మాట్లాడుతూనే ఉంటారు, ఊరంతా నవ్వుతుంది, వార్తలాయనకి ఏమైందిరా అని. ఫోన్ లైను మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. కిందికి లాగేస్తే చాలు, అయ్యో లైను తెగిపోయిందండీ అనొచ్చు, రోజూ ఎవరో ఒకరితో అంటూనే ఉంటాను. లాగెయ్యి, లాగెయ్యి అంటోంది ఒక మనసు. ఇంకో మనసులో అమ్మ, వంటింటి బల్ల దగ్గర, ఫోన్ మధ్యలో పెట్టుకుని, పెదాలు తడుపుకుంటూ. నా పెదాలు వణికితే ఆయనకి అర్థం కాదేమోనే అని కూడా అంది ఫోన్‌లో, ఇప్పుడు గుర్తొస్తోంది, అప్పుడు విననేలేదు.

నమస్కారం, అన్నారు నాన్న. నేనింకా పేరైనా చెప్పలేదు, ఎర్రలైటు వెలిగిందని అమ్మకెలా తెలుస్తుంది, ఏదో అటూ ఇటూ అయింది, అయినా ఆ ఒక్క మాటకి అద్దం అవతల గడియారం కుర్చీలో నిటారుగా అయిపోయాడు. ఆ గొంతు అలాగే ఉంది. అమ్మయ్య అనిపించలేదు, భయం వేసింది, అంత నిండుగా ఉంది. తన గొంతు తనకే వినపడకుండా ఇంత సరిగ్గా ఎలా పెట్టారు, ఎంతసేపు అభ్యాసం చేసి ఉంటారు అమ్మ ముందు, కొంచెం తగ్గించండి, ఆఁ, అంతే, అని అమ్మ చేత్తో చూపిస్తుంటే. నమస్కారం నాన్నగారూ, అన్నాను. బాగా మాట్లాడాలంటే ముందు ఏం కావాలి? చిన్న ప్రశ్న. అడిగి ఆగాను. ఏమీ లేదు లైన్లో. వంటింట్లో గోడ గడియారం టిక్కు టిక్కు. నాకు తెలుసు ఇప్పుడు అక్కడేం జరుగుతోందో, అమ్మ పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేకుండా. ఇక్కడ గడియారం అప్పుడే వేలు తిప్పుతున్నాడు గాలిలో, కానివ్వు కానివ్వు అని. యంత్రం మీద ముల్లు సున్నాకి పడిపోయింది. నాకేం తోచిందో, మైకుకి దగ్గరగా వంగి, ఊఁ, అన్నాను. ముల్లు లేచింది. మళ్ళీ, ఊఁ. చిన్నప్పుడు అమ్మ కథ చెబుతూ ఊ కొట్టవే, కొట్టకపోతే పడుకున్నావనుకుని ఆపేస్తాను అనేది, నేను కళ్ళు మూతలు పడుతున్నా ఊఁ ఊఁ అంటూనే ఉండేదాన్ని. అలా కొట్టాను ఊ, నిశ్శబ్దానికి. ఊపిరి కావాలి, అన్నారు నాన్న. తర్వాత ఓపిక. గొంతు మూడోది.

నడిచింది. నడుస్తోంది! నేను అడగడం, ఊ కొట్టడం, అమ్మ పెదాలు, నాన్న గొంతు. గడియారం వేలు దించేసి నోరు తెరుచుకుని వింటున్నాడు, ఆ ఖాళీలు ఆలోచిస్తున్న పెద్దాయన ఖాళీల్లా ఉన్నాయి మరి. నా వీపంతా తడిసి కుర్చీకి అంటుకుంది. ఇంకొక్క కాలర్, అని అతనే వేలు చూపించాడు, నేను వద్దని తలూపేలోపే కలిపేశాడు. బస్సు డ్రైవరట. గొంతులో బండెడు సంతోషం, ఒక్క ఊపిరిలో అడిగేశాడు, సార్ నేను మీ వార్తలు వింటూ పెరిగానండీ మా నాన్న రేడియో చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు నాకొకటే డౌటు సార్ మీరు చదివేటప్పుడు ఎవరినన్నా మనసులో పెట్టుకుని చదివేవారా లేకపోతే ఎదురుగా ఉన్న కాయితమేనా అని. ఇంత పొడుగు ప్రశ్న! అమ్మా, ఎలా చెప్తావే ఇదంతా! ఊఁ, అన్నాను. ఊఁ. సార్ ఉన్నారాండీ, అన్నాడు డ్రైవరు. ఉన్నారండీ, ఆలోచిస్తున్నారు, ఊఁ.

కాయితమే, అన్నారు నాన్న. ఎవరూ లేరు నా మనసులో. అందుకే నేను బాగా చదివాను తప్ప బాగా మాట్లాడలేదు. ఎవరైనా వింటున్నారో లేదో ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో కూర్చున్నాక చూడ్డం మొదలుపెట్టాను. మా ఇంట్లో ఒకావిడ బఠానీలు వలుస్తూ రేడియో వింటుంది. ఎవరెవరో మాట్లాడుతుంటారు, ఆ చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. మా అమ్మాయి మాట్లాడుతుంటే ఆ చెయ్యి ఒక్కోసారి ఆగుతుంది. కాయ చేతిలోనే ఉండిపోతుంది. నేను చూసేది అదే. ఎప్పుడాగింది, ఎంతసేపాగింది, మళ్ళీ ఎప్పుడు కదిలింది. బాగా మాట్లాడ్డం అంటే అదేనండీ, నాకు తెలిసినంతలో. ఎవరి చెయ్యి సార్, మేడం గారిదా, అన్నాడు డ్రైవరు మధ్యలో. నాన్న ఆగలేదు, ఎలా ఆగుతారు, తన మాట మీద తనే పోతున్నారు. సార్, సార్, ఎవరి చెయ్యి, అన్నాడతను. డ్రైవరు నవ్వేశాడు, సార్ మాట్లాడ్డమే గానీ ఎవరి మాటా వినరనుకుంటా అన్నాడు. మా నాన్న అంతేనండీ, మొదలుపెడితే ఎవరి మాటా వినరు, అన్నాను నేను, నవ్వుతూ, అందరూ నవ్వుకుని ఉంటారు ఊళ్ళో, హాయిగా.

ఆ చెయ్యి. చూశాను కదా నేనది. నా కళ్ళతో చూశాను. ఒకరోజు రికార్డు చేసిన ప్రోగ్రాం వేస్తుంటే సెలవు పెట్టి ఇంటికెళ్ళాను, గూట్లో రేడియోలో నేనే మాట్లాడుతున్నాను, అమ్మ కింద కూర్చుని బఠానీలు వలుస్తోంది, నాన్న పేము కుర్చీలోంచి రేడియో వైపు కాదు, అమ్మ వైపు, రెప్ప వెయ్యకుండా. ఏంటి నాన్నా ఈ వయసులో అమ్మ వంక ఆ చూపు అన్నాను, అమ్మ సిగ్గుపడి చీర సర్దుకుంది, నాన్న అవును వానొచ్చేలా ఉంది అన్నారు, నేను పడీ పడీ నవ్వాను. ఆ బతికున్న మనిషిని నేను చంపేసిన రోజు, అమ్మ చెయ్యి ఎలా ఆగి ఉంటుందో! కాయ జారిపడి, నోరు తెరుచుకుని, కదలకుండా, ఎంతసేపో. అన్నిరోజులకంటే బాగుంది అన్నారు నాన్న. అమ్మ ఆ మాట మార్చకుండా అలాగే నాకు చేరవేసింది. ప్రతి మాటా అలాగే చేరవేసింది, ఆ వేళకి లైన్లో ఎవరున్నారో ఒక్కటే తను కలిపి, తన చేతి లోంచి ఆయన కళ్ళలోకి పోయి ఆయన నోటితో వచ్చిన దాన్ని, మీ నాన్న అన్నారు అని. నేను ఇంకేమన్నారు అంటే ఇంకేం అనలేదు అనేది. విన్నది నువ్వు కదే. మొదట్నించీ విన్నది నువ్వు ఒక్కదానివే కదే.

గడియారం గోడ వైపు వేలు చూపిస్తున్నాడు, ముగించు, ముగించు. నాన్నకి నమస్కారం చెప్పి ముగించాలి, అంతా గండం గడిచి గట్టెక్కినట్టే. మీట మీద వేలు అలాగే ఉంది. ఇంకొక్క ప్రశ్న, అన్నాను. ఇది నాన్నగారికి కాదు. అమ్మా, అక్కడే ఉన్నావుగా. ఇవాళ నేను ఎలా మాట్లాడానో నువ్వు చెప్పు.

గడియారం లేచి నిలబడ్డాడు. లైన్లో ఏమీ లేదు. నేను ఊఁ అన్నాను ఒకసారి. ఏదో గ్లాసు జరిపిన చప్పుడు. నేనా, అంది అమ్మ, ఆ గొంతు ఎప్పుడూ రేడియోలో వినపడని గొంతు, పెద్దగా ఏమీ లేని గొంతు. నువ్వే, అన్నాను. నేనేం చెప్తానే, అంది. తర్వాత, మొదట్లో తొందరపడ్డావు, అంది. భయపడ్డావనుకుంటా. తర్వాత బాగుంది. అంతే. అవే ముక్కలు, అదే వరస, ఒక్క మీ నాన్న అన్నారు అన్నది తప్ప. ఏదో అనాలి నేను, థాంక్సమ్మా అనో, విన్నారుగా అనో, ఎర్రలైటు వెలుగుతూనే ఉంది, నోరు తెరుచుకోలేదు. ఏమడిగింది నిన్ను, అన్నారు నాన్న దూరంనించి, కొంచెం గట్టిగా. అమ్మ జవాబు చెప్పలేదు, అంటే చెబుతోందన్నమాట, పెదాలతో, ఆయన ఎదురుగా, నా కూతురు నన్నడిగింది అని చెబుతోందో ఏమో. నేను ఊ కొట్టలేదు. కొడితే అమ్మ ఆ చెప్పడం ఎక్కడ ఆపేస్తుందో అనిపించింది. ముల్లు సున్నా మీద పడుకుంది, గడియారం అద్దం మీద రెండు చేతులతో బాదుతున్నాడు, యంత్రం కాసేపు చూసింది, ఇక్కడ ఎవరూ లేరనుకుంది, పాట వేసింది.